జీపుబండి ట్రాన్స్‌ఫర్ కేసు: బాగుచేయుటయా, మార్చుటయా?

నాలుగు చక్రములకును శక్తి పోవు పాతజీపును విత్తనములు, ఎరువులు మోయుట కుంచుకొన్న సంఘములకును, రైతుసోదరులకును ఈ మాసపు పాఠము వ్రాయుచున్నాము. మరమ్మతునకు వ్యయమగునది సభ్యుల వాటాధనమే గనుక, దీనిని డ్రైవరుతోపాటు కార్యవర్గమువారును చదువవలెను.

కొన్నియేండ్ల క్రిందట మేము చూచిన యొక సంఘపు జీపునందు ట్రాన్స్‌ఫర్ కేసు చెడినది. క్రొత్తది వేయించిరి. రెండవ వానకారు రాకమునుపే అదియును మూలుగ నారంభించెను. సామాను మంచిది కాదని మెకానిక్కు చెప్పెను. పని మంచిది కాదని సామాను అమ్మినవారు చెప్పిరి. మేము ఒకపూట డ్రైవరు ప్రక్కను గూర్చుండి ప్రయాణము చేసితిమి. వంశధార కాలువగట్టు బురదలో అతడు నాలుగు చక్రముల కడ్డీని వేసెను. అది చేయదగినదే. గట్టు దిగి నరసన్నపేటయొద్ద 16వ నంబరు జాతీయ రహదారి నెక్కెను. శ్రీకాకుళము చేరువఱకును ఆ కడ్డీని తీయలేదు. అతనిని తప్పుపట్ట నేల? తీయవలెనని అతనికి ఎవరును చెప్పియుండలేదు. రైతులకు పనిముట్ల వాడుక చెప్పుటయే వృత్తిగాగల మేమును చెప్పియుండలేదు.

1. ఇది చేయు పని

ఇంజను శక్తి గేరుబాక్సు దాటినపిమ్మట ట్రాన్స్‌ఫర్ కేసను ఈ రెండవ గేరుపెట్టెలోనికి వచ్చును. ఇచ్చటినుండి యొక షాఫ్టు వెనుక చక్రములకును, ఒకటి ముందు చక్రములకును బోవును. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 మొదలు 1945 వఱకు, విల్లీసు, ఫోర్డు కంపెనీలు ఆఱులక్షలకు పైగా జీపులను చేసెను. వానియందలి పెట్టెకు స్పైసరు 18 అని పేరు. అందు రెండు కడ్డీలు గలవు. ఒకటి ముందు చక్రములను కలుపును. రెండవది వేగమును సుమారు సగము తగ్గించి లాగుబలమును సుమారు రెండింతలు చేయును. ముందు చక్రములు కలిసినగాని ఈ రెండవ కడ్డీ తగ్గుగేరులో పడదు. ఏలయనగా, అంత బలమును వెనుక ఇరుసు ఒక్కటియే మోయజాలదు.

2. తారురోడ్డుమీద నేల చెడును?

కళ్లములో ఎడ్లను త్రిప్పి నూర్చినవారికి ఈ సంగతి సులభముగా దెలియును. లోపలి యెద్దుకంటె బయటి యెద్దు ఎక్కువ దూరము నడవవలెను. అట్లే బండి మలుపు తిరుగునప్పుడు వెనుక చక్రములకంటె ముందు చక్రములు ఎక్కువ దూరము పోవును. కాని కడ్డీ వేసినయెడల రెండు షాఫ్టులును ఒకే లెక్కను తిరుగవలసియుండును. బురదలో చక్రము కొంచెము జారి ఆ భేదమును తీర్చుకొనును. తారుమీద జారుటకు చోటు చాలదు; ఆ పెనుగులాట యంతయు షాఫ్టులకును, పెట్టెలోని పండ్లకును, బేరింగులకును తగులును.

టైర్లు సమముగా లేనప్పుడు తిన్నని రోడ్డుమీదనైనను ఇదియే జరుగును. 28 అంగుళముల అడ్డుకొలత గల టైరు కిలోమీటరునకు సుమారు 448 చుట్లు తిరుగును. పావు అంగుళము మందము అరిగినయెడల అడ్డుకొలత 27½ అంగుళములై, ఆ టైరు సుమారు 456 చుట్లు తిరుగును. పది కిలోమీటర్లలో భేదము 80 చుట్లు! ముందు క్రొత్తవియు, వెనుక అరిగినవియు వేసి కడ్డీని తీయక నడిపినచో ఏ పెట్టె నిలువగలదు?

3. రోగమును గుర్తించు విధము

పెట్టెను విప్పుటకు ముందు ఈ పరీక్షలు చేయవలెను.

మొదటిది: ప్రతి టైరుమీదను సుద్దతో గుర్తుపెట్టి, బండిని తిన్నగా పది చుట్లు నెట్టించి, నేలమీద ఆ దూరమును గొలువుడు. నాలుగును సరిపోవలెను.

రెండవది: ఇరుసు హౌసింగులలోని పండ్ల నిష్పత్తి ముందును వెనుకను ఒకటియేనా యని విచారింపుడు. యుద్ధకాలపు జీపులలో అది 4.88, తరువాతి సివిలు జీపులు పెక్కింటిలో 5.38. ఒక హౌసింగును మార్చునప్పుడు రెంటిని కలిపివేసినచో ట్రాన్స్‌ఫర్ కేసు బ్రదుకదు.

మూడవది: గేరు ఆయిలును వెచ్చగా నున్నప్పుడు శుభ్రమైన పళ్లెములోనికి దింపుడు. బూడిదవంటి సన్ననిపొడి సహజమైన అరుగుదల. గోటికి తగులు రేకుముక్కలు పండ్లయొక్కయో బేరింగులయొక్కయో నాశనమునకు గుర్తు. ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు చేరినది. గాలిరంధ్రము మట్టితో మూసికొనినను, లోపలి వేడిగాలి ఆయిలును సీళ్లగుండ బయటికి త్రోయును. అప్పుడు సీలు మార్చుటవలన ప్రయోజనము లేదు, రంధ్రమును శుభ్రము చేయవలెను.

నాలుగవది: చక్రములకు చెక్కలు పెట్టి, ట్రాన్స్‌ఫర్ కడ్డీని న్యూట్రలునం దుంచి, గేరువేసి క్లచ్చి వదలుడు. అప్పుడు గేరుబాక్సును, పెట్టెలోని నడిమిగేరును మాత్రమే తిరుగును. ధ్వని వచ్చినచో దోషము వానిలో నున్నది. నిలిచియున్నప్పుడు రాక, పోవునప్పుడే వచ్చినచో షాఫ్టు క్రాసులను, పెట్టె వెలుపలి బేరింగులను, హౌసింగును జూడవలెను.

ఐదవది: గేరు తనంతట జారిపోవుచున్నచో తొందరపడి పండ్లను నిందింపరాదు. ఇంజను, గేరుబాక్సుల రబ్బరుదిండ్లు కుంగి కడ్డీ నేలరేకునకు తగులుచున్నదేమో, కడ్డీని పట్టియుంచు గుండు, స్ప్రింగు అరిగినవేమో ముందు చూడుడు.

4. ప్రాణాపాయమును గూర్చిన హెచ్చరిక

విల్లీసు తరహా జీపులలో హ్యాండుబ్రేకు చక్రములయొద్ద నుండదు; ట్రాన్స్‌ఫర్ కేసు వెనుకనే యుండి, షాఫ్టు మూలముగా చక్రములను ఆపును. వెనుక షాఫ్టును విప్పినంతనే ఆ బ్రేకు బండిని పట్టదు. కడ్డీ న్యూట్రలునం దున్నప్పుడు గేరు వేసియుంచినను బండి నిలువదు. కావున సమతలమున నిలిపి, చక్రములకు ముందును వెనుకను చెక్కలు పెట్టినగాని ఎవరును బండిక్రిందికి బోరాదు. ఇటుకలమీద బండిని నిలుపరాదు. ఇటుక చెప్పకయే పగులును. పెట్టెను రొమ్ముమీదికి దించుకొనరాదు, జాకీమీదికి దింపవలెను.

5. బాగుచేయుట యెప్పుడు? మార్చుట యెప్పుడు?

స్పైసరు 18లో తఱచుగా అరుగునవి నడిమిగేరు షాఫ్టు, దాని సన్ననిరోలరు బేరింగులు, రెండుప్రక్కల వాషర్లు. వీనికై పెట్టెను దింపనక్కఱలేదు. ఆయిలు దించి, అడుగుమూతను విప్పి, షాఫ్టును బట్టియుంచు బిళ్లను తీసి, షాఫ్టును వెనుకకు కొట్టినచో గేరు క్రిందికి వచ్చును. ఈ సామాను మార్చినచో పెక్కుబండ్లు మరల పనిచేయును.

పెట్టె పగిలినను, షాఫ్టు కూర్చుండు రంధ్రము గుండ్రదనము పోయి కోలగా అరిగినను, పెట్టెను మార్చవలెను. కోలయైన రంధ్రమున క్రొత్తషాఫ్టు నిలువదు. వేసిన సొమ్ము నీటిపాలగును. పాతసామాను కొట్టులో పెట్టెను కొనునప్పుడు మన పెట్టెను వెంట గొనిపోయి, ముందుషాఫ్టు ఏప్రక్క వచ్చుచున్నదో, నడిమిషాఫ్టు లావెంతో, లోపలిపండ్లు, గాళ్లు ఎన్నియో సరిపోల్చుకొనవలెను. చూపునకు ఒక్కటిగా నున్నవి కొలతకు వేఱుగా నుండును.

6. సంఘము చేయవలసినది

మరమ్మతునకు ముందు దోషమేమో, కారణమేమో మెకానిక్కుచేత వ్రాయించుకొనవలెను. తీసిన పాతసామానును సంఘము స్వాధీనము చేసికొని, సభ్యులకు చూపవలెను. కంపెనీపుస్తకము చెప్పిన ఆయిలునే పోసి, మొదటి 500 కిలోమీటర్ల పిమ్మట మరల దింపి పరీక్షింపవలెను. నాలుగు టైర్లను ఒకే కొలతలో నుంచవలెను.

పైన చెప్పిన సంఘమువారు మూడవపెట్టెను కొనలేదు. షాఫ్టును, బేరింగులను, వాషర్లను మార్చి, టైర్లను సరిచేసి, కడ్డీయొద్ద రేకుమీద ఒక వాక్యమును తెల్లరంగుతో వ్రాయించిరి: “గట్టు ముగిసినది, కడ్డీ తీయుము.” ఆ బండి తరువాత చాల వానకార్లు నడచినది. కారణమును దిద్దక సామానును మార్చువాడు చిల్లికుండలో మరల నీరు పోయువాడు. సోదరులారా, మీ బండిలోనుగూడ ఆ వాక్యమును వ్రాయించుడు. డ్రైవరునకు దానిని చదివి వినిపించుడు.