వెన్నులో ఇంజక్షన్ చేస్తే కాన్పు ఆగిపోతుందా?

"నొప్పి తెలియకుండా వెన్నులో ఇంజక్షన్ చేస్తే నొప్పులు ఆగిపోయి, చివరికి ఆపరేషన్ చేయాల్సి వస్తుందట!" లేబర్ రూమ్ బయట తరచుగా వినిపించే మాట ఇది. ఈ భయంతోనే చాలా కుటుంబాలు ఎపిడ్యూరల్ వద్దంటాయి. మీరు నిర్ణయించుకునే ముందు అసలు విషయం తెలుసుకోండి.

ఎపిడ్యూరల్ అంటే ఏమిటి?

మత్తు డాక్టరు నడుము దగ్గర, వెన్నుపామును కప్పి ఉంచే పొరకు బయట సన్నని గొట్టం అమర్చి, దాని ద్వారా మందు ఇస్తారు. సుమారు 20 నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది. గర్భసంచి బిగుసుకోవడం ఆగదు. దాని బాధ మాత్రం తగ్గుతుంది.

కాన్పు ఆలస్యమవుతుందా?

కొంత ఆలస్యం కావచ్చు. గర్భసంచి ముఖద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకునే మొదటి దశ కొంచెం పొడిగించబడవచ్చు. నొప్పులు బలంగా లేకపోతే సెలైన్‌లో ఆక్సిటోసిన్ మందు కలిపి ఇస్తారు.

తరువాత బిడ్డ బయటకు వచ్చే దశ. మందు ప్రభావం వల్ల ముక్కాలనే భావన తల్లికి సరిగా తెలియకపోవచ్చు. తొలి కాన్పులో ఈ దశకు మామూలుగానే 3 గంటల వరకు పట్టవచ్చు. ఎపిడ్యూరల్ ఇచ్చినప్పుడు ఇంకొంత సమయం ఇస్తారు. తల్లీబిడ్డల పరిస్థితి బాగుండి, బిడ్డ కిందికి దిగుతున్నంతవరకు కంగారు పడనక్కరలేదు.

ఆపరేషన్లు పెరుగుతాయా?

ఎపిడ్యూరల్ వల్ల సిజేరియన్లు పెరగవని అనేక అధ్యయనాలలో తేలింది. 2005లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో తొలి కాన్పుకు వచ్చిన 750 మంది పాల్గొన్నారు. ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకోకముందే వెన్నులో మందు ఇచ్చినా సిజేరియన్లు పెరగలేదు. పూర్వం ఎక్కువ మోతాదు వాడినప్పుడు ఫోర్సెప్స్, వాక్యూమ్ అవసరం ఎక్కువగా ఉండేది. ఇప్పుడు తక్కువ మోతాదు వాడడం వల్ల ఆ తేడా బాగా తగ్గింది.

ఏ ఇబ్బందులు రావచ్చు?

బి.పి. తగ్గడం, దురద, వణుకు, జ్వరం, మూత్రం రాకపోవడం, కాళ్ళు మొద్దుబారడం ఉండవచ్చు. సుమారు 100 మందిలో ఒకరికి తీవ్రమైన తలనొప్పి రావచ్చు. దానికి చికిత్స ఉంది. దీర్ఘకాలం నడుము నొప్పి దీనివల్ల వస్తుందన్నది అపోహ.

మీరు చేయవలసినవి

• తొమ్మిదో నెలలోనే డాక్టరుతో మాట్లాడండి. రక్తం పలచబరిచే మందులు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండడం, వెన్నుకు జరిగిన ఆపరేషన్ గురించి తప్పక చెప్పండి. కొందరికి ఎపిడ్యూరల్ ఇవ్వకూడదు.

• ఇంజక్షన్ తరువాత నర్సు చెప్పేవరకు ఆమెను మంచం దిగనివ్వకండి.

• ఆలస్యమైతే "ఆపరేషన్ చేసేయండి" అని తొందరపెట్టకండి. మూడు విషయాలు అడగండి: తల్లి బి.పి. ఎలా ఉంది? బిడ్డ గుండె చప్పుడు బాగుందా? గతసారి చూసినప్పటికంటే కాన్పు ముందుకు సాగిందా? ఈ మూడూ బాగుంటే ఓపిక పట్టండి. బాగాలేనప్పుడు డాక్టరు ఆపరేషన్ అవసరమంటే జాప్యం చేయకండి.

• "మేమంతా ఓర్చుకోలేదా?" అని ఆమెను చిన్నబుచ్చకండి. ఇంజక్షన్ కావాలన్నా, వద్దన్నా ముందుగా ఆమెనే అడగండి. నొప్పి భరించేది ఆమే.