ప్రశ్నలు - జవాబులు: ముందు బస, తర్వాతే బండి

ప్రశ్న: రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాను. కారవాన్ అద్దెకు తీసుకుని, మా ఆవిడతో ఖరగ్‌పూర్ నుంచి బేలుం గుహల దాకా వెళ్లి, పది రోజుల్లో పద్నాలుగు చోట్ల గుహలూ గుళ్లూ స్తూపాలూ చూసి రావాలని నా ప్లాను. రైల్వే పాసుండగా రోడ్డెందుకు, రైల్లోనే పోదామంటుంది ఆవిడ. ఎవరి మాట సబబు?
- పేరు వద్దన్నారు, పూరీ గేట్, ఖరగ్‌పూర్

జవాబు: ఆవిడ మాటే. పాసుతో మిగిలే డబ్బుల సంగతి పక్కన పెట్టండి, అంతకంటే పెద్ద కారణం ఉంది. బేలుం దాకా రానూపోనూ మూడు వేల కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే పది రోజులూ రోజుకు మూడు వందల చొప్పున ఆ బరువైన బండి తోలాలి. తోలడం, తినడం, పడుకోవడం పోగా చూడ్డానికి ఏం మిగులుతుంది? ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచుగా వస్తున్నాయి. అందరూ ఏ బండి అని అడిగేవారే గానీ, ఎక్కడ ఎన్నాళ్లు ఆగాలని అడిగినవారు లేరు.

మీరు చూడబోయే గుహలు ఎందుకు పుట్టాయో ఆలోచించండి. భువనేశ్వర్ పక్కన ఉదయగిరి, ఖండగిరి మీద జైన మునులకు తొలిపించిన గదులున్నాయి. చాలా గదుల్లో నిటారుగా నిలబడలేం. లోపలి గోడవైపు నేల కాస్త ఎత్తుగా లేస్తుంది. రాతిలోనే మలిచిన తలగడ అది. ఊరూరా తిరిగే సన్యాసులు వానాకాలం కదలకుండా ఒకచోట ఉండాలన్నది జైనుల్లోనూ బౌద్ధుల్లోనూ నియమం. ఏలూరు జిల్లా గుంటుపల్లిలోనూ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీదా కొండను తొలిచింది అలా నిలిచిపోయేవారి కోసమే. ఆగడానికి కట్టినచోటికి ఆగకుండా వెళ్లి ఫోటో తీసుకుని వచ్చేస్తే చూసినట్టేనా?

ఆగనివాడికి ఏం తప్పిపోతుందో ధౌళిలో తెలుస్తుంది. కొండపైన తెల్లని శాంతి స్తూపం ఉంది, బస్సులన్నీ అక్కడికే పోతాయి. కింద రాతిలోంచి ముందుకొస్తున్న ఏనుగునూ, దాని దగ్గరే ఉన్న అశోకుడి శాసనాలనూ చాలామంది చూడకుండా దాటిపోతారు. అక్కడ ఉన్నదెంత ముఖ్యమో లేనిదీ అంతే ముఖ్యం. కళింగ యుద్ధంలో ఎంతమంది చచ్చారో, ఎంతమందిని చెరపట్టారో చెప్పే 13వ శాసనం వేరేచోట్ల ఉంది గానీ కళింగ నేలమీద లేదు. దాని బదులు, ప్రజలంతా నా బిడ్డలే అంటూ అధికారులకు రాయించిన ప్రత్యేక శాసనాలున్నాయి. ఓడిన జనానికి ఆ చావుల లెక్క చదివి వినిపించడం ఇష్టంలేకే మానేశాడని పండితుల ఊహ. కొద్ది దూరంలోనే, ఉదయగిరి మీది హాథీగుంఫాలో కళింగ రాజు ఖారవేలుడి పదిహేడు పంక్తుల శాసనం ఉంది. అదే కళింగ మళ్లీ తలెత్తిన కథ. ఈ రెండింటినీ కలిపి చదువుకోవడానికి ఒక రోజు చాలదు.

కారవాన్ ఉంటే ఎక్కడంటే అక్కడ ఆగొచ్చు కదా అంటారు. మాట నిజమే, ఆగే చోటుంటే. అమెరికాలో ఈ బళ్లు నడిచేది కరెంటు, మంచినీళ్లు, మురుగు పారబోసే గొట్టం అమర్చిన పార్కులు ఊరూరా ఉండబట్టి. కేరళ 2021లో కారవాన్ విధానం ప్రకటించి, పార్కులు కూడా కావాలన్నది అందుకే. మన కోస్తా జాతీయ రహదారి 16 మీద రాత్రిపూట మీకు దొరికేది ధాబా ముందు లారీల వరసలో ఇంత చోటు. పురావస్తు శాఖ కట్టడాల్లో రాత్రి బస చేయనివ్వరు. ఇక బొర్రా గుహలకు వెళ్లే అనంతగిరి ఘాట్ రోడ్డు మలుపుల్లో అంత బండి తిప్పడం కొత్తవారికి ప్రాణసంకటం.

ఇంటి భోజనం దొరుకుతుందని కూడా అంటారు. వండేదెవరు? వంటిల్లు వెంట తీసుకెళితే షికారు మీకు, చాకిరీ ఆవిడకు. రైలువైపు ఆవిడ ఎందుకు మొగ్గిందో మీరు పాసు దగ్గరే ఆగిపోయి ఆలోచించినట్టు లేదు. ఒక్క విషయంలో మాత్రం కారవాన్‌దే పైచేయి: మారుమూల కట్టడాల దగ్గర ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం గగనం. దానికి విరుగుడు దగ్గర్లో గది తీసుకుని, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావడం.

కాబట్టి పద్నాలుగులో సగానికి పైగా కొట్టేయండి. భువనేశ్వర్‌లో మూడు రాత్రులు: ఉదయగిరి, ధౌళి, కోణార్క్. విశాఖలో నాలుగు: బొజ్జన్నకొండ, తొట్లకొండ, బొర్రా. ఊళ్లో తిరగడానికి దారులు తెలిసిన డ్రైవరుతో కారు మాట్లాడుకోండి. బొర్రాకు మాత్రం రైల్లోనే వెళ్లండి. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది, 2003 దాకా మీ సౌత్ ఈస్టర్న్ రైల్వేదే. ఆ లైను సొరంగాల విలువ మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? గుంటుపల్లి, ఉండవల్లి, బేలుం మరో ఏడాదికి ఉంచుకోండి. అవి ఎక్కడికీ పోవు.

ప్రశ్న: కారు లైసెన్సుతో కారవాన్ తోలొచ్చా?

జవాబు: సామానుతో కలిపి బరువు 7,500 కిలోలు దాటకపోతే తోలొచ్చు, కానీ 55 దాటాక లైసెన్సు అయిదేళ్లకే ఇస్తారు, ముందు మీ కార్డు మీద తేదీ చూసుకోండి.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. గుహలంటే ఆశ. ఏది చూడగలను?

జవాబు: ఉదయగిరిలో రాణీ గుంఫా. రెండంతస్తుల గుహ, శిల్పాలకు పెట్టింది పేరు, కొండ మొదట్లోనే కుడివైపు ఉంటుంది. అది చూసి కూర్చోండి, పైకెక్కలేదని బాధపడకండి. బొర్రాలో మెట్లు ఎక్కువ, తడికి జారతాయి. బేలుంలో నేల కిందికి దిగాలి, లోపల ఉక్క. మీ మోకాళ్లకు ఆ రెండూ వద్దు.

ప్రశ్న: వేసవికి మనవలు వస్తున్నారు. ఖరగ్‌పూర్‌లో చారిత్రక స్థలమంటూ ఏమీ లేదు. ఎక్కడికి తీసుకెళ్లమంటారు?

జవాబు: హిజ్లీకి. 1931 సెప్టెంబరు 16న నిర్బంధ శిబిరంలో పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరు ఖైదీలను చంపింది అక్కడే. 1951లో తొలి ఐఐటీ మొదలైందీ ఆ భవనంలోనే. ఏమీ లేదనే ముందు ఒకసారి గడప దాటి చూడండి.