మూడు వీడ్కోలు సభలు

1888వ సంవత్సరమున, కాఠియవాడమునందలి రాజకోట పట్టణములో, ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక చిన్న సభ జరిపిరి. వారితో చదివిన పదునెనిమిదేండ్ల యువకుడొకడు బారిష్టరు చదువునకై సీమకు పోవుచుండెను. అతనికి వీడ్కోలు చెప్పుటకే ఆ సభ. తోడివారి ఆదరమునకు బదులుగా అతడు లేచి కృతజ్ఞత తెలుపవలెను. అందుకై నాలుగు మాటలు ముందుగనే కాగితముపై వ్రాసికొనియుండెను. చదువుటకు లేచి నిలుచుసరికి తల తిరిగెను, ఒడలెల్ల వణకెను. చేత కాగితమున్నను మాటలు తడబడుచు ముక్కలు ముక్కలుగా వెలువడెను. ఏదో విధముగా ముగించి అతడు కూర్చుండెను.

ఆ యువకుని పేరు మోహనదాసు కరంచందు గాంధి.

ఈ బిడియము అతనికి నాడు క్రొత్తగా పుట్టినది కాదు. చిన్ననాడు బడి విడిచిన వెంటనే అతడు ఇంటికి పరుగెత్తెడివాడు. ఆట మీద గాని ఆకలి వలన గాని కాదు. దారిలో ఎవరైన పలుకరించి ఎగతాళి చేయుదురేమో యను జంకుచేత. రాత్రివేళ దీపము లేనిదే నిదురింపలేకపోయెను. దొంగలు, దయ్యములు, పాములు చీకటిలో పొంచియుండునని అతని భయము. ఇంటిలో పనిచేయు రంభ యను వృద్ధురాలు, భయము వేసినప్పుడు రామనామము జపింపుమని అతనికి చెప్పెను. ఆ మాట అతని మనసున నాటుకొనెను గాని, నలుగురిలో నోరు విప్పుటకు కలుగు జంకు మాత్రము అట్లే నిలిచియుండెను.

ఆ యేడు సెప్టెంబరు 4వ తేదీన మోహనదాసు బొంబాయిలో ఓడ యెక్కెను. తోడి ప్రయాణికులు ఇంగ్లీషులో పలుకరింపగా, వాక్యమును మనసులో కూర్చుకొనుసరికి వారు వెడలిపోయెడివారు. కత్తి, ఫోర్కులతో తినుట అతనికి తెలియదు. ఏ వంటకమున మాంసము లేదో అడుగుటకు సిగ్గు. అందుచేత భోజనశాలకు పోక, ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలను, పండ్లను తన గదిలోనే తినుచు కాలము గడపెను.

లండనులో అతడు దాదాపు మూడేండ్లుండెను. ఆ దినములలో బారిష్టరు పరీక్షకు చదువువారు పెక్కుమంది సంక్షిప్త వివరణములను మాత్రమే చదివి గట్టెక్కుచుండిరి. మోహనదాసు అట్లు చేయలేదు. డబ్బు పెట్టి మూలగ్రంథములనే కొని చదివెను. రోమను న్యాయశాస్త్రమును లాటిను భాషలోనే చదివెను. ఇంగ్లండు దేశపు సామాన్య న్యాయమును తెలిసికొనుటకు తొమ్మిది నెలలు శ్రమించెను. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. అతనికి కొరవడినది చదువు కాదు, పట్టుదలయు కాదు. తనపై తనకు నమ్మకము లేదు, అంతే.

అక్కడి శాకాహార సంఘమువారు అతనిని కార్యవర్గమున చేర్చుకొనిరి. అతడు ప్రతి సమావేశమునకును పోయెడివాడు. ఒక్కమాటయైనను పలికెడివాడు కాడు. తాను లేచునప్పటికి ఇతరులందరు తనకంటె బాగుగ ఎరిగినవారుగా కనబడుచుండిరి. ఒకప్పుడు ఆ సంఘమున వివాదము పుట్టెను. ఆలిన్సను అను వైద్యుని అభిప్రాయములు కొన్ని అధ్యక్షునకు నచ్చనందున, అతనిని సంఘమునుండి తొలగింపవలెనను ప్రతిపాదన వచ్చెను. ఆ వైద్యుని అభిప్రాయములు మోహనదాసునకును సమ్మతములు కావు. అయినను శాకాహారమును నమ్మినవానిని మరియొక విషయమున భేదించినందులకు వెలివేయుట అన్యాయమని అతనికి తోచెను. తోచిన దానిని దాచుకొనుట పిరికితనమని యెంచి, కాగితముపై వ్రాసికొనిపోయెను. తీరా సభలో దానిని చదువుటకు ధైర్యము చాలలేదు. అధ్యక్షుడు దానిని వేరొకరిచే చదివించెను. ఆ దినమున ఆలిన్సను పక్షము ఓడిపోయెను. మోహనదాసు నోరు విప్పలేకపోయెను గాని, తన నమ్మకమును మాత్రము విడిచిపెట్టలేదు. పిరికివానికిని, బిడియస్థునికిని గల తారతమ్యము ఇచ్చట కొంత కనబడుచున్నది.

రెండవ వీడ్కోలు 1891లో జరిగెను. స్వదేశమునకు మరలుచు మోహనదాసు తన శాకాహార మిత్రులను హోబరన్ భోజనశాలలో విందునకు పిలిచెను. విందు చక్కగా జరిగెను. ఆతిథ్యమిచ్చినవాడు రెండు మాటలు పలుకుట ఆ దేశపు ఆచారము. అతడు బహుజాగ్రత్తగా కొన్ని వాక్యములను మాత్రమే కూర్చుకొనెను. అడిసను అను ఇంగ్లీషు రచయిత చట్టసభలో మొదటిసారి లేచి ఒకే మాటను ముమ్మారు పలికి ముందుకు సాగలేకపోయిన కథ యొకటి కలదు. ఆ కథతో హాస్యముగా ఆరంభింపవలెనని అతని యుద్దేశము. అడిసనును గూర్చి హాస్యమాడబోయినవానికి అడిసను గతియే పట్టెను! మొదటి వాక్యము దాటి జ్ఞాపకము నడవలేదు. విచ్చేసినందులకు కృతజ్ఞుడనని మాత్రము పలికి కూర్చుండెనని ఆయనయే తరువాత తన ఆత్మకథలో వ్రాసికొనెను.

1891 జూను 10వ తేదీన అతనికి బారిష్టరు పట్టము లభించెను. మరునాడు హైకోర్టులో పేరు నమోదయ్యెను. ఆ మరునాడే ఓడ యెక్కెను. పట్టము చేతికి వచ్చినను దిగులు తీరలేదు. గ్రంథములు చదివితిని గాని వకాలతు చేయుట ఎట్లు? హిందూ దేశపు చట్టములు ఎరుగను. బొంబాయిలో ఫిరోజిషా మెహతావంటి ఉద్దండులున్నచోట నాబోటివానిని ఎవరు పిలుతురు? ఇట్టి ప్రశ్నలు లండనులో నున్నప్పుడే అతనిని వేధించుచుండెను. ఒక మిత్రుని సలహాపై అతడు ఫ్రెడరికు పింకటు అను పెద్దమనిషిని దర్శించి, తన బాధ చెప్పుకొనెను. పింకటు నవ్వెను. అందరును మెహతాలు కానక్కరలేదనియు, నిజాయితీయు పరిశ్రమయు ఉన్నచో సామాన్యమైన న్యాయవాది బ్రదుకునకు కొదువ లేదనియు ధైర్యము చెప్పి, లోకజ్ఞానమునకై చరిత్రగ్రంథములు చదువుమనెను. ఆ పెద్దమనిషి నవ్వుమొగము మోహనదాసునకు చిరకాలము జ్ఞాపకముండెను. దిగులు మాత్రము ఓడలో అతని వెంటనే వచ్చెను. దిగులుపడకుమని ఒరులు చెప్పినంతమాత్రమున దిగులు పోవునదియైనచో, లోకమున దిగులే యుండదు.

బొంబాయిలో అతనికి దొరకిన మొదటి దావా చిన్నది. మమీబాయి యను నామె పక్షమున చిన్న దావాల కోర్టులో వాదింపవలెను. ఫీజు 30 రూపాయలు. ఒకే దినమున ముగియదగిన పని. మోహనదాసు ప్రతివాది తరఫువాడు గనుక, వాది సాక్షులను అడ్డుప్రశ్నలు వేయవలెను. అతడు లేచి నిలుచుండెను. గుండె జారిపోయెను. కోర్టు అంతయు గిరగిర తిరుగుచున్నట్లు తోచెను. అడుగదగిన ప్రశ్న యొక్కటియు తట్టలేదు. కూర్చుండి, తాను ఈ పని చేయజాలననియు, పటేలు అను వకీలును పెట్టుకొనుడనియు చెప్పి, పుచ్చుకొన్న ఫీజు తిరిగి ఇచ్చివేసెను. పటేలు 51 రూపాయలకు ఒప్పుకొనెను. ఆ దావా గెలిచినదో ఓడినదో తెలిసికొనక మోహనదాసు కోర్టు విడిచి వెడలిపోయెను. తగిన ధైర్యము కలుగువరకు మరియొక దావా పట్టరాదని నిశ్చయించుకొనెను.

పిమ్మట ఒక పాఠశాలలో ఇంగ్లీషు బోధించుటకు నెలకు 75 రూపాయల ఉద్యోగమున్నదని పత్రికలో చూచి, దానికై యత్నించెను. పట్టభద్రుడు కాడని వారు నిరాకరించిరి. ఆరు నెలలు గడచిన పిమ్మట బొంబాయి కాపురము ఎత్తివేసి, రాజకోట చేరి, అర్జీలు వ్రాయుచు జీవనము సాగించెను. అర్జీ వ్రాయుట గదిలో కూర్చుండి చేయు పని. అచ్చట ఎవ్వరును తన మొగము చూడరు. సంపాదన నెలకు 300 రూపాయలవరకు వచ్చుచుండెను. అతడు అచ్చటనే నిలిచిపోయినను ఎవరును తప్పుపట్టియుండరు.

ఇంతలో దక్షిణాఫ్రికానుండి పిలుపు వచ్చెను. దాదా అబ్దుల్లా కంపెనీవారికి అచ్చట 40,000 పౌనుల దావా యొకటి నడుచుచుండెను. ఒక యేడు పని; 105 పౌనుల ప్రతిఫలము. పెద్ద బారిష్టర్లు వారికి ముందే కలరు. గుజరాతీలో నున్న ఉత్తరములను, లెక్కలను వారికి తెలియజెప్పుటకు మాత్రమే ఒకడు కావలెను. 1893 ఏప్రిలులో గాంధి బయలుదేరెను. త్రోవలో, మారిట్సుబర్గు స్టేషనులో, మొదటి తరగతి పెట్టెనుండి ఆయనను దింపివేసిన కథ విద్యార్థులెల్లరు ఎరిగినదే. అటుపిమ్మట గుఱ్ఱపుబండి ప్రయాణమున ఒక తెల్లవాడు కొట్టుచున్నను, పట్టుకొన్న కమ్మిని విడువక కూర్చుండిన కథ కొందరే ఎరుగుదురు.

అయితే ఇచ్చట ముఖ్యముగా చెప్పవలసినది వేరొకటి. ఆ దావా యంతయు జమాఖర్చుల మీద నడచినది. గుమాస్తా లెక్కలు వివరించుకొలదియు గాంధికి గందరగోళము హెచ్చెను. ‘పీ నోటు’ అను మాట మాటిమాటికి వచ్చుచుండెను. నిఘంటువు వెదకెను, అందు లేదు. తుదకు గుమాస్తానే అడుగగా, అది ప్రామిసరీ నోటునకు పొట్టిపేరని తెలిసెను. మన పల్లెటూళ్లలో ప్రోనోటు అనిన తెలియని రైతు ఉండడు. సీమలో పట్టము పొందిన బారిష్టరునకు అది తెలియలేదు! మునుపటి మోహనదాసైనచో ఈ పని నావలన కాదని వెనుకకు మరలియుండును. గాంధి మాత్రము అంగడికి పోయి జమాఖర్చుల పుస్తకమొకటి కొని తెచ్చి చదివెను. అది చదివిన పిమ్మట దావా అర్థమగుట కారంభించెను.

ఏమి మారినది? బొంబాయి కోర్టులో ఆయన దృష్టి యంతయు తనమీదనే యుండెను: నన్ను చూచి నవ్వుదురా, మాట తప్పుదునా, నేను తగినవాడనా? ప్రిటోరియాలో ఆ ప్రశ్నలకు తీరిక లేకపోయెను. ఎదుట కాగితముల కట్టలు, ప్రక్కన అబ్దుల్లా సేటు నష్టము. ఏ దినమున ఏ సరకు వచ్చెను, ఎవరు ఎంత బాకీ, ఏ ఉత్తరమున ఏమి యున్నది—వీనిని తెలిసికొనుటలో మునిగినవానికి తనను గూర్చి తలచుకొనుటకు తావెక్కడిది? రెండు పక్షముల కాగితములను ఆయన అక్షరమక్షరము చదివెను. యథార్థములు అబ్దుల్లా సేటు పక్షముననే బలముగానున్నవని నిశ్చయమైన పిమ్మట, మాట్లాడుటకు జంకనక్కర లేకపోయెను.

ప్రిటోరియా చేరిన వారములోపలనే ఆయన అచ్చటి భారతీయులను సమావేశపరచి, వ్యాపారమున సత్యము పాటించుటను గూర్చి ప్రసంగించెను. బహిరంగసభలో ఆయన చేసిన మొదటి ఉపన్యాసము అదియే యని చెప్పవచ్చును. మాట తడబడలేదు. ఆ సభలోనే, ఇంగ్లీషు నేర్వగోరువారికి తాను బోధింతుననెను. ముగ్గురు ముందుకు వచ్చిరి: ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిన్న దుకాణదారు. వారికి తీరికలేనిచో గురువే వారియొద్దకు పోయెడివాడు. మంగలికి వ్యాకరణముతో పని లేదు. వచ్చినవారితో మాట్లాడగలిగిన చాలును. తక్కిన ఇరువురు లెక్కలు వ్రాయుటకును, వ్యాపారపు ఉత్తరములు వ్రాయుటకును నేర్చిరి.

దావా సంగతి. వాది ప్రతివాదులిరువురు బంధువులు, ఒకే ఊరివారు. కోర్టులో సాగినచో ఖర్చులు ఇరువురిని మ్రింగివేయునని గ్రహించి, గాంధి వారిని మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. తీర్పు అబ్దుల్లా సేటు పక్షమున వచ్చెను: దాదాపు 37,000 పౌనులు, ఖర్చులు. అంత ధనము ఒక్కసారిగా చెల్లింపవలసిన ఎదుటిపక్షమువాడు దివాలా తీయును. గాంధి మరల అబ్దుల్లా సేటును బతిమాలి, వాయిదాలపై చెల్లించుటకు అంగీకరింపజేసెను. దావాను ఒప్పించుటకంటె దీనికే ఎక్కువ శ్రమయయ్యెనని ఆయన వ్రాసికొనెను. కోర్టులో ఒక్క ప్రశ్నయైనను వేయలేక మూడేండ్లయైనను గడువకమునుపే, ఇరువురు మొండి వర్తకుల మనసులను ఆయన త్రిప్పగలిగెను.

మూడవ వీడ్కోలు 1894లో జరిగెను. పని ముగిసినది. గాంధి స్వదేశమునకు మరలుటకై డర్బను చేరగా, అబ్దుల్లా సేటు ఆయన గౌరవార్థము వీడ్కోలు విందు ఏర్పాటు చేసెను. అతిథులు వచ్చిరి. అచ్చటనున్న పత్రికలను త్రిప్పుచుండగా ఒక మూలనున్న చిన్న వార్తపై గాంధి దృష్టి పడెను. నేటాలు శాసనసభకు సభ్యులను ఎన్నుకొను హక్కును భారతీయులకు లేకుండ చేయు బిల్లు సభ ముందున్నదని అందు వ్రాసియుండెను. ఆయన అబ్దుల్లా సేటును అడిగెను, సేటునకు తెలియదు. ఈ బిల్లు చట్టమైనచో భారతీయుల గతి యేమగునో గాంధి వివరింప మొదలిడెను. అతిథులు ఒక్కరొక్కరుగా చుట్టుచేరి వినిరి. మీరొక నెల ఆగుడని, మీరు చెప్పినట్లు నడచెదమని వారు కోరిరి. విందు కాస్తయు కార్యాలోచన సభగా మారెను. ఆ వీడ్కోలు సభలో గాంధి కృతజ్ఞతావాక్యములు పలుకవలసిన అవసరమే కలుగలేదు.

ఆయన అచ్చటనే అర్జీని మనసులో కూర్చుకొనెను. శాసనసభ అధ్యక్షునకు, ప్రధానమంత్రికి తంతులు పోయెను. పిమ్మట సీమలోని వలసరాజ్యముల మంత్రికి పంపు మహజరుపై, రెండు వారములలో 10,000 సంతకములు చేర్చిరి. సంతకము పెట్టువానికి అందలి విషయము బోధపడినగాని తీసికొనరాదని గాంధి నియమము విధించెను. అందుచేత స్వచ్ఛందసేవకులు ఊరూర తిరిగి, ఒక్కొక్కరికి దానిని చదివి వినిపించిరి. నెల దినములని ఆగిన గాంధి, దక్షిణాఫ్రికాను తుదిగా విడిచినది 1914లో.