ఫిజిక్స్ చదివితే ఏమొస్తుందని అడిగే నాయనలకు

పెరియకుళంలో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే పిల్లలు ప్లస్ టూ ముగించి ఫిజిక్స్ ఇష్టమన్నారంటే చాలు, "ట్యూషన్లు చెప్పుకుని బతుకుతావా? ఇంకో ఏడాది నీట్‌కు కూర్చో" అంటారు. ఈ మాట నాకు బొత్తిగా నచ్చదు.

పెరియకుళం ఉన్న ఈ తేని జిల్లాలోనే, బోడి పడమటి కొండల్లో పొట్టిపురం దగ్గర, న్యూట్రినోలనే సూక్ష్మ కణాల పరిశోధనశాలకు 2015 జనవరిలో కేంద్రం ఒప్పుకుంది. 50 వేల టన్నుల ఇనుప డిటెక్టరు, కొండ లోపలికి రెండు కిలోమీటర్ల సొరంగం కట్టాలనుకున్నారు. ఊళ్లవాళ్ల అభ్యంతరాలు, కోర్టు కేసులతో పని ఆగింది. ఆ ఒక్క ప్రాజెక్టును నమ్ముకుని ఎవరూ చదువు ఎంచుకోవద్దు. అయితే అందుకోసం మదురైలో పెట్టిన 85 టన్నుల చిన్న డిటెక్టరు ఎలక్ట్రానిక్స్, డేటా విశ్లేషణ నేర్చినవాళ్ల చేతుల మీదే నడిచింది. ఆ నేర్పుకు బయటా గిరాకీ ఉంది.

శాస్త్రమూ ఆగలేదు. న్యూట్రినోలు భూమిని ఇటునుంచి అటు దాటిపోతాయి. దారిలోని పదార్థం సాంద్రతను బట్టి అవి ఒక రకం నుంచి మరో రకానికి మారే తీరు వేరవుతుంది. శక్తి బాగా ఎక్కువైనవి కొన్ని లోపలే ఆగిపోతాయి. ఈ రెండూ కొలిస్తే తవ్వలేని లోతుల సంగతి తెలుస్తుంది. న్యూట్రినో పుంజాన్ని నేలలోకి పంపి చమురు, ఖనిజాలు వెతకవచ్చని భౌతిక శాస్త్రవేత్తలు గ్లాషో, షార్పాక్ మరి ఇద్దరితో కలిసి 1983లోనే ప్రతిపాదించారు. అది ఇంకా కాగితం మీదే ఉంది. కానీ దక్షిణ ధ్రువంలోని ఐస్‌క్యూబ్ న్యూట్రినో డిటెక్టరు డేటాతో భూమి ద్రవ్యరాశిని 2018లో లెక్కగట్టారు. ఈ శాస్త్రం మనకు కొత్తా కాదు, మన కోలారు గనుల్లో 1965లోనే న్యూట్రినోల జాడ పట్టారు.

ఈ దారిలోకి రావాలంటే, ప్లస్ టూలో సైన్సు ఉన్నవాళ్లు కేంద్ర సైన్సు విద్యాసంస్థలైన ఐసర్లకు ఐఏటీ, నైసర్‌కు నెస్ట్ ప్రవేశ పరీక్షలు రాయవచ్చు.

మామిడి తోపు తాకట్టు పెట్టి పిల్లను రెండోసారి, మూడోసారి నీట్ కోచింగ్‌కు పంపకండి. హాస్టల్ గదిలో ఆ పిల్ల పోగొట్టుకునే ఏళ్లు ఏ రసీదులోనూ కనిపించవు. ఇప్పుడు ఐసర్ కోచింగ్ అంటూ కూడా వల వేస్తున్నారు. స్టేట్ బోర్డు పిల్లలకు ముందు కావలసింది ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాలు. సీటు రాకపోతే మదురైలో బీఎస్సీ చదివి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాయడమే నాకు ఇష్టమైన దారి; ఖర్చు తక్కువ, పిల్ల ఇంటికి దగ్గర.

పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. ఆ తర్వాత పరిశోధన ఉద్యోగాలు తక్కువే, దాచను. త్వరగా జీతం కావాలి, భూగర్భమే ఇష్టం అనుకునేవాళ్లు ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో జియోఫిజిక్స్‌లో పీజీ చేయవచ్చు. అది చేతిలో ఉంటే జియలాజికల్ సర్వేలో జియోఫిజిసిస్టు కొలువుకు యూపీఎస్సీ పరీక్ష రాయవచ్చు.