స్వప్నమున నీట మునుగుట

నీట మునిగినట్లు కలగాంచి ఉలికిపడి లేచిన గృహస్థు తెల్లవారకమునుపే శాంతిక్రియలకై ఆరాటపడును. శ్రీమద్రామాయణమున, అయోధ్యాకాండలో, ఇట్టి స్వప్నమొకటి కలదు.

కేకయరాజధానియందున్న భరతుడు వేకువజామున దానిని గాంచెను. మలినదేహముతో, విరబోసిన జుట్టుతో తండ్రి పర్వతశిఖరమునుండి గోమయపు మడుగులో పడెను; అందు తేలుచు దోసిట నూనె త్రాగెను; పిదప తలక్రిందుగా నూనెలోనే మునిగెను. మిత్రులెన్ని వినోదములు కల్పించినను భరతుని మనసు కుదుటపడలేదు. తనకో, రామునకో, రాజునకో, లక్ష్మణునకో మరణము కలుగునని తలచెను. కాని రాజు అప్పటికే గతించెను. ఆయన దేహము అయోధ్యలో తైలద్రోణియందే ఉంచబడియుండెను. రానున్నదని భరతుడు భయపడినది జరిగిపోయినదే!

స్వప్నము సూచకమని బ్రహ్మసూత్రములు అంగీకరించినవి. అయితే శ్రీభాష్యమున భగవద్రామానుజులు మరియొక విషయము తెలిపిరి. స్వప్నమందలి పదార్థములను సృజించువాడు పరమాత్మయే. అవి జీవుని పుణ్యపాపములకు తగినట్లు, ఆ ఒక్కనికే, ఆ కాలమునకే అనుభవింపదగినవి. కావున మునిగినవాడు పొందిన భయమును కర్మఫలమే. మేలుకొనునప్పటికి అది అంతమేరకు తీరినది. శాంతుల తొందరలో ఈ సంగతిని మరచువారే ఎక్కువ.

భరతుడు శాంతి చేయించినట్లు వాల్మీకి చెప్పలేదు. అయోధ్యనుండి దూతలు రాగానే మొదట తండ్రి క్షేమమును, పిదప రామలక్ష్మణుల క్షేమమును, ఆపై తల్లుల క్షేమమును అడిగెను.