డికాషన్ దిగేదాకా

విండ్సర్‌లో ఉత్తరం వైపు తిరిగి కూర్చుంటే అమెరికా కనిపిస్తుంది. కెనడాకు కొత్తగా వచ్చినవాళ్లు ఈ మాట ఓ పట్టాన నమ్మరు. నది ఇక్కడ అలా వంపు తిరిగింది మరి. అంబాసిడర్ వంతెనకు కాస్త ఇవతల, డెట్రాయిట్ నది ఒడ్డున నాకు అలవాటైన బెంచీ ఒకటుంది. మంచు కురవని నెలల్లో, సెలవు రోజు పొద్దున్నే సైకిల్ మీద అక్కడికి వెళ్లి కాఫీ కలుపుకొని తాగి వస్తాను.

సంచిలో ఉండేది అమ్మ ఇచ్చిన చిన్న స్టీలు ఫిల్టరు, మరిగిన నీళ్ల ఫ్లాస్కు, వేడి పాలకు ఇంకో ఫ్లాస్కు, చికోరీ కలిపిన అరకు కాఫీ పొడి, రెండు గ్లాసులు. పొయ్యి తీసుకెళ్లను. గాలి వీచే చోట, ఎండుగడ్డి పక్కన మంట పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఇది కార్ల ఊరు. ఫోర్డ్ కెనడా కంపెనీ 1904లో ఇక్కడి వాకర్‌విల్‌లోనే పుట్టింది. పాల ప్యాకెట్టుకైనా కారు తీసే అలవాటు మాది. సైకిలెక్కాకే ఈ ఒడ్డు నాకు నిజంగా తెలిసింది. ఒకప్పుడు రైలు పట్టాలున్న నేల ఇప్పుడు పార్కులైంది. దారిలో ‘టెంబో’ అనే కంచు ఏనుగు, దాని రెండు పిల్లలు ఉంటాయి. కారులో వెళ్లిన ఇన్నేళ్లలో వాటి ముందు ఒక్కసారీ ఆగలేదు. ఇప్పుడు ఆగకుండా దాటలేను.

సైకిల్ మీద కాఫీకి వెళ్లడాన్ని 2011లో వాషింగ్టన్‌కు చెందిన మేరీ గెర్సెమా ఒక సరదా సవాలుగా మార్చి, ‘కాఫీన్యూరింగ్’ అని పేరు పెట్టారు. ఏడు వారాల్లో ఏడు కాఫీలు తాగాలి. రానూపోనూ కలిపి రెండు మైళ్లు తొక్కితే చాలు. వేగం లెక్కలోకే రాదు. వ్యక్తిత్వ వికాసం పేరుతో తెల్లవారుజామున నాలుగింటికి లేవమనే సలహాలకన్నా ఈ చిన్న కొలత నాకు నచ్చింది. అందుకోగలిగిన దాన్నే మనిషి వదలకుండా చేస్తాడు.

ఇక అసలు పని. పై గిన్నెలో మూడు చెంచాల పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్లను దాని మీద మెల్లగా ఆనించాలి. ఆనించాలే గాని అదమకూడదు. మొదటిసారి నేను గట్టిగా అదిమాను. నీళ్లు పోసి అరగంట కూర్చున్నా కింది గిన్నెలో చెంచాడు కూడా దిగలేదు. అమ్మకు ఫోన్ చేస్తే, “అదిమావా నాన్నా? దానికీ ఊపిరాడాలి కదా” అంది. పొడి బిగుసుకుపోతే నీటికి సందుండదు. తడిసి ఉబ్బే చికోరీ ఆ కాస్త సందునూ మూసేస్తుంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మావాడు లెక్క చేస్తుంటే రెండో అంకె వేయకముందే జవాబు చెప్పేసేవాణ్ణి. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. వాడు నా దగ్గరికి లెక్కలు తేవడం ఎప్పుడు మానేశాడో కూడా గమనించలేదు. అరకులో కాఫీ మొక్కలను నీడచెట్ల కింద పెంచుతారు. ఆ నీడలో పండు నిదానంగా పండుతుంది. ఆ గింజల పొడినే చేతిలో పెట్టుకొని నేను తొందరపడ్డాను.

డికాషన్ దిగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ సేపంతా ఓడలు చూస్తాను. అవతలి ఒడ్డున 1874లో మొదలైన వెస్ట్‌కాట్ కంపెనీ ఉంది. నడిచే ఓడలకు ఉత్తరాలు అందించే పని అది 1895లో చేపట్టింది. ఉత్తరాల కోసం ఓడ ఆగదు. చిన్న పడవే వెళ్లి, దాని వేగం అందుకొని పక్కనే నడుస్తుంది. పైనుంచి తాడుతో బకెట్ దించితే ఉత్తరాలు అందులో వేస్తారు. నేనేమో ఇంట్లో మాట్లాడాలంటే అందరూ చేతిలో పని ఆపి రావాలనేవాణ్ణి. ఇప్పుడు మా ఆవిడ వంట చేస్తుంటే పక్కన నిలబడి చిక్కుళ్లు ఒలుస్తూ మాట్లాడుతున్నాను. ముందెన్నడూ చెప్పని సంగతులు ఎన్ని చెబుతోందో!

మీరు ఏ ఊళ్లో ఉన్నా ఒకసారి వెళ్లి చూడండి. నది లేకపోతే చెరువు గట్టు చాలు. దూరం కొలిచే యాప్ మాత్రం ఆపేయండి. రెండో గ్లాసు మరచిపోకండి.

మొన్న ఆ గ్లాసు కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడి కోసం తీసుకెళ్లాను. రాత్రి షిఫ్టు నుంచి నేరుగా వచ్చాడు. ఉద్యోగం కబురు కోసం నిమిషానికోసారి ఫోన్ చూస్తున్నాడు.

“ఇంకెంతసేపు పడ్తదన్నా? మూత తీసి చూడనా?”

“వద్దు తమ్ముడూ. కింది గిన్నె పట్టుకో, తెలుస్తుంది.”

ఫోన్ జేబులో పెట్టి, రెండు చేతులతో గిన్నెను పట్టుకున్నాడు. వంతెన కింద నుంచి పొడవాటి ఓడ ఒకటి వెళ్తోంది. అది పూర్తిగా దాటేదాకా మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

“వెచ్చగైతుందన్నా” అన్నాడు.