కరెంటు పోయొస్తే మారిపోయే అడ్రసు

చెల్లీ, ఆఫీసు వాళ్లు ఇంటి నెట్‌కు స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని అడ్రసు, పెట్టించుకోమన్నారని మొన్న ఫోన్లో దిగులుపడ్డావు కదా. నేనూ ఆ దారిలో నడిచినదాన్నే, చెప్తా విను.

ఆ రోజు 20వ తారీఖు. జీఎస్టీ 3బీ వేయడానికి ఆఖరి రోజు. సాయంత్రం ఆరింటికి కరెంటు పోయి వచ్చింది. రౌటర్ లైట్లు ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి. పాప కార్టూన్లూ వచ్చాయి. ఆఫీసు సర్వర్‌లోని ట్యాలీ మాత్రం తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ నాలుగుసార్లు కొట్టాను, చేతులు చల్లబడ్డాయి. తీరా చూస్తే పాస్‌వర్డ్ సరైనదే. రౌటర్ ఆగి లేచేసరికి మా ఇంటి ఐపీ అడ్రసు మారిపోయింది. ఆఫీసు గేటు కాసే ఫైర్‌వాల్‌కు తెలిసింది పాతదే. కొత్తది రాయించుకునేసరికి ఎనిమిదైంది.

ఎందుకు మారుతుందంటే, ఐపీవీ4 అడ్రసులు మొత్తం కలిపి దాదాపు 430 కోట్లే. ప్రపంచం మొత్తానికి పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుకే నెట్ కంపెనీలు ఉన్నవాటినే తిప్పితిప్పి ఇస్తాయి. చాలాచోట్ల ఒకే అడ్రసు వెనక బోలెడు ఇళ్లను ఉంచుతాయి, దాన్ని సీజీనాట్ అంటారు. ఇది తెలిశాక నా గుండె ఝల్లుమంది. అలాంటి ఉమ్మడి అడ్రసును ఆఫీసు నమ్మితే, ముక్కూమొహం తెలియని ఆ ఇళ్లన్నింటికీ మొదటి గేటు తీసినట్టే కదా! ఆఫీసువాళ్లు అడిగేది చాదస్తం కాదమ్మా.

నీ రౌటర్ సెట్టింగుల్లో వాన్ ఐపీ చూడు. 100.64 మొదలు 100.127 వరకు ఏదైనా కనిపిస్తే నీదీ ఉమ్మడిదే. నెట్ వాళ్లను "పబ్లిక్ స్టాటిక్ ఐపీవీ4" అని పేరుపెట్టి అడుగు. దానికయ్యే ఖర్చు ఆఫీసును భరించమను, మొహమాటపడకు, వాళ్ల పనికే కదా. అసలు ఆఫీసులోకి భద్రంగా చేర్చే వీపీఎన్ పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్ కోడ్ అడిగి, అడ్రసును పట్టించుకోనిదైతే నీ ఇంటికి స్టాటిక్ ఐపీ అక్కర్లేకపోవచ్చు. డబ్బు కట్టకముందే ఆ మాట తేల్చుకో.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. మారని అడ్రసు తాళం కాదు. వెతికేవాడికి కూడా నువ్వు రోజూ అక్కడే దొరుకుతావు. ఇంటి కంప్యూటర్‌లోకి బయటినుంచి రావడానికి 3389 పోర్టు తెరిస్తే సులువని ఎవరైనా చెప్తే వినకు. అలా తెరిచి ఉన్నవాటి కోసం రాత్రింబవళ్లు తడుముతూ తిరిగే ప్రోగ్రాములున్నాయి. రావాలంటే వీపీఎన్‌లోంచే రా. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ ఈ రాత్రే మార్చెయ్.

పోయిన నెల 20న కూడా కరెంటు పోయింది. రౌటర్ పచ్చబడగానే వీపీఎన్ కలిపి, ఫోన్‌కొచ్చిన కోడ్ కొట్టాను. ఏడింటికల్లా రిటర్న్ వేసేసి పాపకు పెరుగన్నం కలిపాను.